పార్కింగ్, పార్కుల నిర్ణయాల్లో బజారు మాట చెల్లాలంటే: చిన్న పట్టణాల వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

మాది ఓ మోస్తరు మున్సిపాలిటీ. మెయిన్ బజార్లో మా నాన్నగారు పెట్టిన బట్టల కొట్టు నడుపుతున్నాను. కొన్నేళ్ల కిందట, శ్రావణమాసం ఇంకో వారంలో వస్తుందనగా, పొద్దున్నే షట్టర్ ఎత్తడానికి వెళ్తే రోడ్డు వారన కొత్తగా పసుపు గీత, స్తంభానికి 'నో పార్కింగ్' బోర్డు కనబడ్డాయి. కొట్లవాళ్లమంతా పోగై, ఒకరోజు బంద్ చేసి, ఊరేగింపుగా వెళ్లి కమిషనర్‌గారికి వినతిపత్రం ఇచ్చాం. ఆయన కోప్పడలేదు. ఫైలు తెప్పించి మా ముందు పెట్టారు. ఆ విషయం కౌన్సిల్ ఎజెండాలోకి వచ్చి ఎనిమిది నెలలైంది. తీర్మానం అయిపోయింది, ఎస్టిమేటు అయిపోయింది, పోలీసుల అభిప్రాయం కూడా వచ్చేసింది. అన్ని నెలల్లో మా బజారు నుంచి ఆ ఆఫీసుకు ఒక్క కాగితం వెళ్లలేదు.

ఆ రోజు నుంచి మా వర్తక సంఘం పద్ధతి మార్చుకుంది. కొన్నిసార్లు మా మాట నెగ్గింది, కొన్నిసార్లు నెగ్గలేదు. ఈ దారిలో మేం నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. మీ ఊళ్లో పార్కింగ్ మార్చబోతున్నారన్నా, పార్కు కడతామన్నా, చెరువు గట్టు మీద సాయంత్రాలు బండ్లు ఆపేస్తామన్నా ఇదే వరస పనికొస్తుంది.

1. ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి

'అంతా మున్సిపాలిటీదే' అనుకోవడం దగ్గరే మనం తప్పుతాం. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును తెచ్చింది. పురపాలక సంఘాలకు రాష్ట్రం అప్పగించదగ్గ 18 పనులు అందులో ఉన్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఒక అంశం. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, మరుగుదొడ్లు మరో అంశం. కాబట్టి ఈ రెండు విషయాల మీదా అడగాల్సిన మొదటి చోటు మున్సిపల్ ఆఫీసే.

అయితే ఊరి మధ్యలోంచి పోయే పెద్ద రోడ్డు చాలాచోట్ల రోడ్లు భవనాల శాఖది. కొన్ని ఊళ్లలో జాతీయ రహదారి. అక్కడ మున్సిపాలిటీ తీర్మానం ఒక్కటే చాలదు. ఇక బండి ఎక్కడ ఆపవచ్చో నిర్ణయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన వాళ్లకు ఉంటుంది. స్థానిక సంస్థను సంప్రదించాకే ఆ పని చెయ్యాలి. ఆచరణలో ట్రాఫిక్ పోలీసుల మాటకు బరువెక్కువ. ట్రాఫిక్ సీఐగారిని కలవకుండా ఛైర్‌పర్సన్ దగ్గరికి పదిసార్లు తిరిగి ప్రయోజనం లేదు.

ఆఫీసులో ఎవరి పని ఏమిటో కూడా చూసుకోండి. గీతలు, డివైడర్లు, ఫుట్‌పాత్‌లు ఇంజినీరింగ్ విభాగానివి. సెల్లార్లు, అనుమతులు, ఆక్రమణలు టౌన్ ప్లానింగ్‌వి. పార్కింగ్ ఫీజు, ఆశీలు (రోడ్డు మీద, సంతలో అమ్మేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము, తెలంగాణలో తైబజార్) వేలంపాటలు రెవెన్యూ వాళ్లు చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ ఒకరుంటారు, మొదటి కబురు ఆయన దగ్గరే దొరుకుతుంది. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలుండాలి. మీ బజారు నుంచి ఒక్కరైనా వాటిలో ఉన్నారా అన్నది చూడండి. పాలకవర్గం గడువు ముగిసిపోయిన ఊళ్లో స్పెషల్ ఆఫీసరే కౌన్సిల్ కాబట్టి కాగితం ఆయన పేరున రాయాలి.

2. కాగితాలు చేతికి తెచ్చుకోండి

నెలకోసారి మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు చూసే పని ఒక మనిషికి అప్పగించండి. మా దగ్గర జిరాక్స్ కొట్టు కుర్రాడికి ఇచ్చాం, ఎలాగూ రోజూ ఆఫీసు వైపు వెళ్తాడు కాబట్టి. కౌన్సిల్ సమావేశం ఎజెండా మీ వార్డు కౌన్సిలర్‌కు ముందే అందుతుంది. 'బజారు మాటేదైనా ఉంటే ఫోటో తీసి పంపండి' అని ఆయన్ను మర్యాదగా అడిగి ఉంచండి.

అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మండల స్థాయి పైనున్న ఆఫీసులకు మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు ఫీజు 10 రూపాయలే. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. 'పార్కింగ్ గురించి వివరాలు ఇవ్వండి' అని రాస్తే పనికొచ్చేది ఏమీ రాదు. విడివిడిగా అడగండి: ఫలానా రోడ్డు మీద పార్కింగ్ మార్పుకు సంబంధించిన తీర్మానం నకలు, డ్రాయింగు, ఎస్టిమేటు, పోలీసు శాఖతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, వేలం షరతుల ప్రతి. ఆ చట్టం 4వ సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధించిన వాస్తవాలన్నీ ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. మీ ఉత్తరంలో ఈ వాక్యం గుర్తు చేయండి.

3. లెక్క పెట్టండి

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. ఆఫీసులో 'మా వ్యాపారాలు దెబ్బతింటాయి సార్' అనే మాట రోజూ ఎవరో ఒకరు అంటారు. అంకెలు రాసిన పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్లు అరుదు. అందుకే పుస్తకం తెరిస్తే కుర్చీ వేస్తారు.

మూడు రోజులు ఎంచుకోండి. ఒకటి మామూలు రోజు. ఒకటి సంత రోజు, లేదా చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఎక్కువగా వచ్చే రోజు. ఇంకొకటి పండగ ముందు గానీ పెళ్లి ముహూర్తాల్లో గానీ వచ్చే రద్దీ రోజు. వీధిని వంద మీటర్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఇద్దరు పిల్లల్ని పెట్టండి. డిగ్రీ చదివే పిల్లలైతే సరదాగా చేస్తారు, భోజనం పెట్టి రోజు కూలి ఇవ్వండి. పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా ప్రతి అరగంటకోసారి నడుచుకుంటూ వెళ్లి, ఆగి ఉన్న ప్రతి బండి నంబరులో చివరి నాలుగంకెలు రాసుకోవాలి. బైకా, కారా, ఆటోనా, సరుకు బండా అన్నదీ రాయాలి. అంతకు మించి యంత్రాలేమీ అక్కర్లేదు.

సాయంత్రం ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే వీధి తన కథ తానే చెబుతుంది. ఒకే నంబరు రెండుసార్లు కనబడితే ఆ మనిషి కొనుక్కుని వెళ్లాడు. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా కనబడితే ఆ బండి కొట్టు యజమానిదో, గుమాస్తాదో. మేం మొదటిసారి లెక్క తీసినప్పుడు కదలకుండా నిలబడ్డ బండ్లన్నీ మావేనని తేలింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

దాని విలువ ఎంతో ఒక ఊహ లెక్కతో చూడండి. వీధిలో 60 కొట్లున్నాయి, కొట్టుకు రెండు సొంత బండ్లు రోజంతా ముందే ఉంటాయి అనుకుందాం. 120 చోట్లు పోయాయి. 11 గంటల వేళలో ఒక్కో చోటు పదిమంది కొనుగోలుదారులకు వంతులవారీగా దొరికినా, అది రోజుకు 1,200 మంది ఆగే చోటు. మున్సిపాలిటీ ఒక్క గీత గీయకముందే మనం పోగొట్టుకుంటున్న చోటు అది.

కార్లకు, బైకులకు తేడా కూడా కొలిచి చెప్పండి. రోడ్డు వారన పొడుగ్గా ఆపే కారుకు అటూ ఇటూ కదిలే చోటుతో కలిపి ఆరు మీటర్లు కావాలి. అంటే వంద మీటర్లలో పదహారు కార్లు. అదే పొడవులో బైకులు అడ్డంగా పెడితే, కొట్ల గుమ్మాలకు దారి వదిలేసినా డెబ్బై, ఎనభై పడతాయి. మన ఊళ్ల బేరం నడిచేది బైకు మీద, ఆటోలో, ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్ల వల్ల. ఆ మాట మీ పుస్తకంలో కనబడాలి.

అందుకే రెండో లెక్క. రెండు రోజుల పాటు కౌంటర్ దగ్గర బిల్లు కట్టే ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: 'ఎలా వచ్చారండీ?' నడిచా, బస్సులోనా, ఆటోలోనా, బైకు మీదా, కారులోనా అన్నది టిక్కు పెట్టి, పక్కన బిల్లు మొత్తం, ఊరి పేరు రాయండి. మన అంచనా ఎంత తప్పుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2006లో ఇలాగే అడిగితే, తమ కొనుగోలుదారుల్లో 41 శాతం కార్లలో వస్తారని కొట్లవాళ్లు అనుకున్నారు, నిజానికి 22 శాతమే. పెద్ద బిల్లు చేసే కారు మనిషి మనకు గుర్తుండిపోతాడు. నడిచొచ్చి జాకెట్టు ముక్కలు కొనుక్కెళ్లే నలభైమంది గుర్తుండరు.

చివరగా ఒక కొలత. వీధిలోని చోట్లలో సుమారు 85 శాతం నిండి, మిగతావి ఖాళీగా ఉంటే పార్కింగ్ ఆరోగ్యంగా ఉన్నట్టని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ చెప్పేవారు. వచ్చిన ప్రతివాడికీ ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది, ఏ చోటూ వృథా పోదు. మీ వీధి ఏ వేళలో ఆ గీత దాటుతోందో చూడండి. మాకు సాయంత్రం 6 నుంచి 8:30 మధ్యనే దాటింది. రోజంతా నిషేధం పెట్టాల్సిన పని లేదని వాదించడానికి అదే ఆధారమైంది.

4. మన గుమ్మం మనం సర్దుకోవాలి

అడగబోయే ముందే చెయ్యాల్సిన పని ఇది. సొంత బండ్లు వెనక సందులోకో, సంఘం అద్దెకు తీసుకున్న ఖాళీ స్థలంలోకో మార్చండి. మెట్లు, స్టాండు బోర్డులు, బొమ్మలు, అట్టపెట్టెలు రోడ్డు మీద నుంచి లోపలికి తీయండి. అన్నిటికంటే ముఖ్యం సెల్లార్. భవన నిర్మాణ నిబంధనలు (తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119) వాణిజ్య భవనాల్లో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలని చెబుతాయి. ప్లానులో పార్కింగ్ చూపించి అనుమతి తెచ్చుకుని, ఆ సెల్లార్‌ను గోడౌన్ చేసుకున్న భవనాలు ఎన్ని ఉన్నాయో ప్రతి బజారుకూ తెలుసు. మీరు సమావేశంలో లేచి నిలబడగానే టౌన్ ప్లానింగ్ అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే. సంఘంలో ఇది మాట్లాడటం కష్టం, స్నేహాలు చెడతాయి. అయినా మాట్లాడండి. మా దగ్గర మూడు సెల్లార్లు తెరిపించడానికి ఏడాది పట్టింది.

5. మిగతావాళ్లతో కూర్చోండి

తోపుడుబళ్ల వాళ్లను శత్రువులుగా చూపించి గెలుద్దామనుకునే సంఘాలు ఎక్కువ. అది న్యాయమూ కాదు, జరిగే పనీ కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు జీవనోపాధి హక్కునిచ్చింది. ఆ చట్టం కింద వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి. అదే కమిటీలో ట్రాఫిక్ పోలీసులకు, వర్తక సంఘాలకు కూడా చోటుంది. ఆ కుర్చీ మీ ఊళ్లో ఖాళీగా ఉందేమో కనుక్కోండి. ఎక్కడ బళ్లు పెట్టుకోవాలి, ఎక్కడ బైకులు ఆపాలి అన్నది ఒకే కాగితం మీద గీయాల్సిన బొమ్మ. పూలబండి, పళ్లబండి ఉన్న చోటికే జనం వస్తారని మన పెద్దవాళ్లకు తెలుసు.

ఆటో స్టాండు వాళ్లు, హమాలీలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, వెనక వీధుల్లో కాపురముండేవాళ్లు కూడా ఈ లెక్కలోని మనుషులే. మెయిన్ రోడ్డు మీద బండ్లు ఆపనివ్వకపోతే అవి వెళ్లి ఆగేది ఆ ఇళ్ల గేట్ల ముందే. హమాలీలతో మాట్లాడి సరుకు దించే వేళ పొద్దున 9:30 లోపు అని మనమే కట్టుబాటు పెట్టుకుంటే, పగటిపూట సగం జామ్ తగ్గుతుంది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు, ముసలివాళ్లకు గుమ్మం దగ్గర్లో రెండు చోట్లు వదలమని మీరే ముందు అడగండి.

6. పార్కు స్థలం మీద కన్ను వేయకండి

'ఆ పార్కు ఖాళీగానే ఉంది, పార్కింగ్ చేసేస్తే సరి' అనే మాట ప్రతి సంఘంలోనూ ఎవరో ఒకరు అంటారు. మా దగ్గరా అన్నారు. ఆ దారిలో వెళ్లకండి. లేఅవుట్‌లో కనీసం 10 శాతం జాగా ఖాళీగా వదిలి మున్సిపాలిటీకి ఉచితంగా రాసివ్వాలన్నది నిబంధన, అది అక్కడి జనం ఊపిరి కోసం. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన వ్యవహారంలో 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. పార్కును పార్కింగ్ చేయమని అడిగితే కోర్టులో చిక్కుకోవడమే కాక, ఊళ్లో పిల్లల తల్లుల ముందు మన ముఖం చెల్లదు.

ఇంకో రకంగా చూడండి. పార్కులో నడిచేవాళ్లు వచ్చేది తెల్లవారి 5 నుంచి 8 దాకా. కొట్లు తెరిచేది పదింటికి. పార్కు గేటు బయట ఉన్న పార్కింగ్ జాగా మధ్యాహ్నం ఖాళీ. ఒకే జాగా రెండు వేళల్లో ఇద్దరికీ సరిపోతుంది. అడిగితే ఇస్తారు, అడగడమే ఎవరికీ తట్టదు.

పార్కు విషయంలో మీరు అడగదగ్గవి చాలా ఉన్నాయి. బజారు వైపు ఒక చిన్న గేటు, శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, రాత్రి 9 దాకా దీపాలు, నీడలో బెంచీలు. ఆడవాళ్లు చంటిపిల్లలతో పల్లె నుంచి వచ్చినప్పుడు గంటలో వెళ్లిపోవడానికి కారణం చాలాసార్లు మరుగుదొడ్డి లేకపోవడమే. చీరల కొట్టులో ముప్పై ఏళ్లు కూర్చుని నేను గమనించిన విషయమిది, ఇంత ఆలస్యంగా నోరు తెరిచినందుకు సిగ్గుపడుతున్నాను.

మున్సిపల్ గ్రౌండులో ఎగ్జిబిషన్ పెట్టించడం మన వాళ్లకు మరో బాధ. పూర్తిగా ఆపమంటే వినరు, ఊరికి ఆ కాస్త వినోదం కావాలి కూడా. తేదీలు ముందే చెప్పమని, బండ్లకు గ్రౌండు లోపలే చోటు పెట్టడం వేలం షరతుల్లో రాయమని అడగండి.

సాయంత్రాలు బండ్లు ఆపేసి వీధిని మనుషులకు వదిలే ఆలోచన వస్తే ముందే కంగారుపడకండి. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు అలా మొదలుపెట్టారు. చెన్నై టీ నగర్‌లోని పాండీ బజారును 2019 నవంబరులో నడిచేవాళ్లకు వెడల్పు దారిగా తెరిచారు. మీరు అడగాల్సినవి ఇవి: ఏ రోజు, ఏ వేళ, బండ్లు ఎక్కడ పెట్టాలి, ముసలివాళ్లకు ఏ ఏర్పాటు, ఎన్ని వారాల తర్వాత ఫలితం చూస్తారు.

7. డబ్బు పార్కింగ్ వస్తే షరతులు రాయించండి

ఫీజు పార్కింగ్ వేలంపాటలు చాలాచోట్ల ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి ఇస్తారు. పాట అయిపోయాక పాటదారుడితో తగువులాడి లాభం లేదు. డిసెంబరు, జనవరిలోనే షరతుల మీద ఉత్తరం ఇవ్వాలి. మొదటి అరగంట ఉచితం, రేటు బోర్డు తెలుగులో, అచ్చేసిన రసీదు, ఎక్కువ వసూలు చేస్తే జరిమానా, వసూళ్ల లెక్క మూడు నెలలకోసారి నోటీసు బోర్డు మీద. తెలంగాణలో 2018 నాటి జీవో 63 మాల్స్, మల్టీప్లెక్సులలో మొదటి 30 నిమిషాలకు రుసుము వద్దని, కొన్న బిల్లు చూపిస్తే గంట దాకా వద్దని చెప్పింది. అది మాల్స్ కోసం రాసిందే అయినా, వీధి పార్కింగ్‌కూ అలాంటి వెసులుబాటు అడగడానికి మంచి ఉదాహరణ.

ఇంకా పెద్ద కోరిక ఒకటుంది: వసూలైన దానిలో కొంత ఆ వీధికే ఖర్చు పెట్టమనడం. అమెరికాలో కాలిఫోర్నియాలోని పాత పాసడీనా బజారులో 1993లో మీటర్లు పెడతామన్నప్పుడు కొట్లవాళ్లు ఒప్పుకోలేదు. ఆ డబ్బు ఆ బజారు ఫుట్‌పాత్‌లకు, దీపాలకు, సందుల శుభ్రతకే వాడతామని మాటిచ్చాక ఒప్పుకున్నారు. పాడుబడ్డ ఆ బజారు మళ్లీ కోలుకుంది.

8. ఒక పేజీలో అడగండి

పది డిమాండ్ల వినతిపత్రం ఫైల్లో అడుగున పడుతుంది. మా ఉత్తరం నమూనా ఇది, ఖాళీలు మీ లెక్కతో నింపుకోండి:

*గౌరవనీయులైన కమిషనర్‌గారికి, మెయిన్ బజారు వర్తక సంఘం వ్రాయునది. ఫలానా తేదీల్లో మా వీధిలో ఆగిన బండ్లను ప్రతి అరగంటకూ లెక్కపెట్టాము, పట్టిక జతచేశాము. సాయంత్రం __ నుంచి __ మధ్యనే వీధి నిండుతోంది. మా సభ్యులు __ సొంత బండ్లను ఇప్పటికే వెనక స్థలానికి మార్చారు. రోజంతా నిషేధానికి బదులు, సరి తేదీల్లో ఒక పక్క, బేసి తేదీల్లో మరో పక్క పార్కింగ్‌ను 45 రోజులు ప్రయోగంగా అనుమతించ ప్రార్థన. ప్రయోగానికి ముందు, తర్వాత లెక్కను మా ఖర్చుతో తీసి సమర్పిస్తాము. ప్రతి: ట్రాఫిక్ సీఐ, వార్డు కౌన్సిలర్, టౌన్ వెండింగ్ కమిటీ.*

ఇందులో బలమంతా 'ప్రయోగంగా' అన్న మాటలో ఉంది. శాశ్వత నిర్ణయానికి సంతకం పెట్టడానికి ఏ అధికారైనా వెనకాడతారు, 45 రోజుల దానికి ఒప్పుకుంటారు.

9. ఇచ్చాక వెంటబడండి

ఇన్‌వార్డులో (ఆఫీసుకొచ్చే కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి ముద్ర వేయించుకోండి. కలవడానికి ముగ్గురే వెళ్లండి: ఒక పెద్దాయన, ఒక మహిళా వ్యాపారి, లెక్క నోటికి వచ్చిన ఒకరు. స్పందన రాకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనో (తెలంగాణ), ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో (ఆంధ్రప్రదేశ్) ఇచ్చి రసీదు తీసుకోండి. కోర్టు ఆఖరి మెట్టు. బంద్ అంతకంటే ఆఖరు. బంద్ చేసిన రోజు పక్క ఊరి మాల్ దారి తెలుసుకున్న మా కొనుగోలుదారుల్లో కొందరు మళ్లీ రాలేదు.

మా ప్రయోగం మొదటి పది రోజులు అల్లకల్లోలంగా సాగింది. తేదీ గుర్తుండక జనం రెండు పక్కలా ఆపారు. సంఘం తరఫున కూడలిలో ఇద్దరు మనుషుల్ని పెట్టి, రోజూ పొద్దున 'ఈ పక్క ఈరోజు' అని పలక రాయించాక దారికొచ్చింది. 45 రోజుల తర్వాత మళ్లీ లెక్క తీసి అందించాం. కౌన్సిల్ దాన్ని ఏడాదికి పొడిగించింది. పెళ్లిళ్ల సీజన్లో సాయంత్రాలు మాత్రం ఇప్పటికీ చోటు చాలడం లేదు, ఈ మాఘమాసంలో మరోసారి పుస్తకం పట్టుకుని పిల్లల్ని వీధిలోకి దింపుతున్నాం.